సుత్తి ఒక్క క్షణం ఆగితే

విన్న మాటఁ దెలిసి వివరించి వ్రాసిన
యొంటిదంతమున్న యోర్పురేఁడ!
తొందరించు చేతి దుడుకును మాన్పుచు
నచ్చుతోడ మనసు నతుకుమయ్య!

భారతం చెప్పేవారు ఎక్కడా ఆగకూడదని ఆ గజముఖుడు నియమం పెడితే, అర్థం కానిదే వ్రాయకూడదని చెప్పేవారు ఆయనకు మరొక నియమం పెట్టారట. దేవతలంతటి వారికే ఆ నిదానం అవసరమైంది. ఆ నిదానం తన వృత్తికి ప్రాణమని తెలిసీ విడిచిపెట్టిన ఒక యువకుడు, అటువంటిది ఒకటున్నదని ఒప్పుకోని ఒక యువతి, ఇద్దరి నడుమ ఒక ఇనుప యంత్రం. కథ ఇదే. ఆ దేవునికి మ్రొక్కి మొదలుపెడుతున్నాను.

అది వానల లెక్కల కార్యాలయం. వాన కురిపించడం అక్కడివారి పని కాదు. ఎక్కడెక్కడో కురిసిన వానను కొలతలుగా తెప్పించుకుని, కూడి, మొత్తం తేల్చడం వారి పని. రేకుల కప్పు కింద పొడవైన హాలు. గోడ పొడవునా బల్లలు. ఒక్కొక్క బల్లమీద నల్లని ఇనుముతో, గాజు కిటికీతో, పక్కన ఒక హ్యాండిల్‌తో లెక్కల మెషీన్. మీటలు నొక్కి హ్యాండిల్ లాగితే అంకెలు లోపల కూడబడేవి, పైన కాగితపు చుట్టమీద అచ్చయ్యేవి.

ఆ హాలును ఏలే సూపరింటెండెంటు గారికి ఒక సిద్ధాంతం ఉండేది. నోటితో చెప్పినది పుకారు, చేతితో వ్రాసినది అనుమానం, అచ్చయినది సత్యం. ఒకనాడు గొడుగు మరచి నిలువునా తడిసి వచ్చి, చెవులమీదుగా నీళ్ళు కారుతుండగానే, "ఈవేళ మన ఊళ్ళో వాన పడ్డట్టు కాగితం వచ్చిందా?" అని అడిగిన మహానుభావుడాయన. ఇంకా రాలేదని విని, తల తుడుచుకోవచ్చునో లేదో తేల్చుకోలేక కాసేపు అలాగే నిలబడ్డారని హాలులో చెప్పుకునేవారు. మెషీన్ మీద మొత్తం అచ్చయ్యే వేళకు ఆయన కుర్చీలోనుంచి లేచి నిలబడేవారు. అందువల్ల ఎంత తొందర మనిషైనా ఆ ఒక్క లాగుడు మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా లాగడం అక్కడి ఆచారమైపోయింది.

ఆ హాలుకు కొత్తగా ఒక మెకానిక్ వచ్చాడు. మెషీన్‌కు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, తల పంకించి, ఆ తరువాతనే స్క్రూడ్రైవర్ తీసేవాడు. చూసినవారు రెండో రోజుకే అతనికి 'యంత్రవైద్యుడు' అని పేరు పెట్టారు. వారది వెక్కిరింతగా పెట్టారు. అతడు బిరుదుగా స్వీకరించాడు.

కిటికీ పక్కన మెషీన్ దగ్గర కూర్చునే అమ్మాయికి అప్పటికే 'మెరుపు' అని పేరు. ఆమె వేళ్ళు మీటలమీద పడటం కనిపించేది కాదు, పడినట్టు వినిపించేది. అచ్చయిన కాగితం వంక ఆమె కన్నెత్తి చూసేది కాదు. తన చేయి నొక్కినదే అచ్చవుతుందని అంత ధీమా.

మొదటిరోజే ఇద్దరికీ చుక్కెదురైంది.

"ఆ చెవి కాస్త తీస్తారా? నేను హ్యాండిల్ లాగాలి."

"ఒక్క నిమిషం మేడమ్. లోపల ఏదో గుర్రుమంటోంది."

"అది నా కడుపు. ఈ మెషీన్ నత్తనడకకి ఇంతవరకూ టీ కూడా తాగలేదు."

పక్క బల్లనుంచి ఒక నవ్వు వినిపించింది. అక్కడ కూర్చునేది ఆమె పెద్దమ్మ. ఒకరు కూడిన లెక్కను తన పాత మెషీన్ మీద మళ్ళీ కూడి సరిచూడటం ఆవిడ ఉద్యోగం. తల్లిలేని ఈ పిల్లను పెంచినదీ, తాను పనిచేసే కార్యాలయానికే తెచ్చినదీ ఆవిడే.

యంత్రవైద్యుడు చెవి తీశాడు గాని నోరు మూయలేదు. "మెషీన్‌ది నత్తనడక కాదు మేడమ్. మీదే గుర్రపు స్వారీ. ఇలా చూడండి."

అడగకుండానే మూత తెరిచాడు. లోపల ఇత్తడి చక్రాలు, వాటిముందు వరుసగా నిలువు పట్టీలు.

"ఒక్కో స్థానానికి ఒక్కో పట్టీ. దీని అంచున సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు చెక్కి ఉంటాయి. మీరు మీట నొక్కితే లోపల ఒక అడ్డు లేస్తుంది. హ్యాండిల్ లాగితే పట్టీ పైకెళ్ళి ఆ అడ్డు దగ్గర ఆగుతుంది. అది కదలకుండా నిలబడ్డాక వెనకనుంచి సుత్తి వచ్చి కొడుతుంది. రిబ్బన్ మీద దెబ్బ, కాగితం మీద అంకె."

"తెలుసు. అంతా అయ్యేలోపు నాకు జుట్టు నెరుస్తుంది. అదీ తెలుసు."

"సున్నాకి ప్రయాణమే లేదు. తొమ్మిదిది అన్నిటికంటే పెద్ద ప్రయాణం. తొమ్మిది వచ్చి నిలబడేదాకా సుత్తి ఆగాలి కదా? అందుకే కింద ఈ నూనె గొట్టం పెట్టారు. చిక్కటి నూనె. మీరెంత గుంజినా అది తన నడకే నడుస్తుంది."

"ఎంత తిట్టినా కదలదన్నమాట. మీ చుట్టమేనా?"

పెద్దమ్మ ఈసారి బహిరంగంగానే నవ్వింది. "అబ్బాయ్, దాంతో వాదన పెట్టుకోకు. మొదటి మాట దానిది, చివరి మాట కూడా దానిదే. మధ్యలో మనం ఊపిరి తీసుకోవాలంతే."

ఆ క్షణాన ఆమె అతని వంక చూసింది. అటువంటి చూపుకు పువ్వులు, బాణాలు, వెన్నెలలు ఉపమానాలుగా తేవడం కవులకు అలవాటు. జరిగినదేమిటంటే, అతని వేళ్ళలోని చిన్న స్క్రూ జారి మెషీన్ కడుపులో పడింది. దానిని వెదికి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తన అజాగ్రత్తకు అతడు జీవితంలో మొదటిసారి సంతోషించాడు.

తరువాత ఆ మెషీన్‌కు చిత్రమైన అనారోగ్యం పట్టుకుంది. ఉదయం రిబ్బన్ వదులు, మధ్యాహ్నం స్ప్రింగ్ బిగువు, సాయంత్రం ఊరికే అనుమానం. తక్కిన మెషీన్లు విరిగి మొరపెట్టుకున్నా వైద్యుడికి తీరిక లేదు.

ఆమె తొందరకు ఒక కారణముంది. ఈ కుర్చీకి రాకముందు ఆమె కింది అంతస్తులో జిగురు గదిలో ఉండేది. కవర్లకు జిగురు పూయడం, అంటించడం, ఆరబెట్టడం. అక్కడ కిటికీ లేదు. చేతులనుంచి ఆ వాసన ఇంటికి కూడా వచ్చేది. వేగమొక్కటే ఆమెను పైకి తెచ్చింది. వేగం తగ్గిననాడు మళ్ళీ మెట్లు దిగవలసి వస్తుందని ఆమె భయం. దానిని భయమని పిలవడం నామోషీ కనుక గర్వమని పిలుచుకునేది.

ఒకనాడు నింపాదిగా అన్నది. "మెకానిక్ గారూ, ఆ గొట్టంలో పలచటి నూనె పోస్తే హ్యాండిల్ ఎగురుతుందట కదా?"

"ఎగురుతుంది. కానీ పొయ్యకూడదు."

"మీ ముందున్నాయన కూడా అలాగే అనేవారు. ఆయనకి చేతకాక."

"చేతకాకపోవడం కాదండీ..."

"పోనీలెండి." ఆమె నిట్టూర్చింది. "అందరికీ అన్నీ ఎలా వస్తాయి?"

కోటలు కూల్చడానికి పూర్వులు ఏనుగులను తోలుకుపోయేవారు. యువకుని వివేకాన్ని కూల్చడానికి ఒక నిట్టూర్పు చాలు. మర్నాడు పొద్దున్న హాలులోకి ఎవరూ రాకముందే అతడు గొట్టంలోని చిక్కటి నూనె వంచేసి, కుట్టుమిషన్లకు వాడే పలచటి నూనె పోశాడు. పరీక్ష కూడా చేశాడు. వైద్యుడు కనుక నాడి చూసినంత నెమ్మదిగా లాగాడు. లాగిన ప్రతి అంకె చక్కగా అచ్చయింది. పైన ఒక కార్డు వేలాడదీశాడు. దానిమీద అచ్చు అక్షరాలలో 'పరీక్షింపబడినది, నిర్దోషము' అని ఉంది. కింద అతని సంతకం, వంకర తోకతో సహా.

ఆమె వచ్చి కూర్చుని హ్యాండిల్ లాగింది. చెయ్యి ముందుకు వచ్చేసింది. మళ్ళీ లాగింది.

"అయ్యబాబోయ్! వెన్నలా ఉంది!"

"మనకి చేతనైనంతలో..." అన్నాడతడు, నేలచూపులు చూస్తూ. సుత్తి సంగతి మనసులో ఒకసారి తలెత్తింది. ఆమె నవ్వుతున్నది. సుత్తి సంగతి తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజులలో ఆకాశానికి చిల్లు పడినట్టు వానలు. రేకులమీద చినుకుల మోత, కింద మెషీన్ల మోత; ఏది వానో, ఏది వాన లెక్కో తెలియకుండా పోయింది. ఆ మోత చాటున మాటలు సాగాయి.

"ఈ ఎర్ర మీట దేనికండీ? నేనెప్పుడూ వాడలేదు."

"అది నొక్కి లాగితే అంకె అచ్చవుతుంది గానీ లెక్కలో చేరదు. వాన కొలిచే కేంద్రాల నంబర్లూ అవీ వేసుకోడానికి."

"అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుంది."

"అలాంటిదే."

ఆమె ఎర్ర మీట నొక్కింది. మరి రెండు మీటలు నొక్కింది. రివ్వున లాగి, కాగితం ముక్క చింపి, దానివంక చూడకుండానే అతని చేతిలో పెట్టింది.

"ఈ నంబరు బస్సు చివరి స్టాపు దగ్గర టీ చాలా బాగుంటుంది. సాయంత్రం నేను వెళ్తున్నా. పిలిచానని అనుకునేరు! లెక్కలో చేరదు."

ఆ సాయంత్రం అతడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆ బస్సు ఎక్కాడు. ఊరు దాటింది, ఇళ్ళు దాటాయి, చెట్లు కూడా దాటాయి. చివరి స్టాపు ఒక రాళ్ళ క్వారీ. ఒక మూసిన బడ్డీ. దానికింద తడిసిన కుక్క ఒకటి. అతనిని చూసి కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. వాన వెలిసేదాకా వారిద్దరూ ఒకరినొకరు గౌరవించుకుంటూ కూర్చున్నారు. ఆమె రాలేదు.

ఊరికి మరో చివర, పార్కు గేటు పక్కన, టీ అంగడిలో ఆమె రెండు టీలు చెప్పి ఎదురుచూసింది. రెండోది చల్లారింది. అతడు రాలేదు.

మర్నాడు పలకరింపులు ఇలా సాగాయి.

"టీ బాగుందా?" అన్నాడతడు, స్క్రూడ్రైవర్‌తో మాట్లాడుతున్నట్టు.

"రెండూ నేనే తాగాను. బాగానే ఉన్నాయి."

"నాకూ మంచి కంపెనీ దొరికింది లెండి. కుక్క. నోరు తక్కువ, మర్యాద ఎక్కువ."

"ఓహో, కాగితం మీద పెట్టి ఇచ్చినా రాకుండా, పైగా ఎగతాళా?"

"కాగితం మీద ఉన్న చోటికే వెళ్ళాను. నన్ను వానలో అక్కడికి తోలి నవ్వుకుందామనుకున్నారు, అంతేగా?"

"అబద్ధాలు మాత్రం భలే చిక్కగా వస్తాయండీ మీకు! ఆ నూనే పోసి ఉండాల్సింది గొట్టంలో."

ఇద్దరిలో ఏ ఒక్కరు ఆ బస్సు నంబరు నోట పలికినా కథ అక్కడితో ముగిసేది. కాని అలిగినవారు అన్నీ పలుకుతారు, అవసరమైన ఆ ఒక్కటి తప్ప. పైగా ఇద్దరికీ కాగితం మీద నమ్మకం. సూపరింటెండెంటు గారిని చూసి నవ్వేవారే, ఆయన మతంలో ఎప్పుడో కలిసిపోయారు.

ఇంతలో పెద్దమ్మ బల్ల దగ్గర అలజడి మొదలైంది. తన పెంపుడు పిల్ల కూడిన కాగితాలు ఆవిడ ముందు పెట్టుకుని, అచ్చయిన అంకెలను తన పాత మెషీన్ మీద మళ్ళీ కూడితే మొత్తం కలవలేదు. మరొక కాగితం తీసింది. అదీ కలవలేదు. ప్రతిచోటా పిల్ల తేల్చిన మొత్తమే ఎక్కువ. ఆవిడ ఎవరికీ చెప్పకుండా మళ్ళీ కూడుతున్నది. మొత్తం కోసం లేచి నిలబడి ఉన్న సూపరింటెండెంటు గారు అది చూడనే చూశారు.

"ఏమిటమ్మాయ్ ఇది?" అన్నారాయన. "విడి అంకెలు ఒకటి చెబుతున్నాయి, మొత్తం ఇంకొకటి చెబుతోంది. పడని వాన కురిపించావా? దేవేంద్రుడికి లేని అధికారం నీకెవరిచ్చారు?"

"నా చెయ్యి తప్పదండీ. ఉన్న కొలతలే నొక్కాను."

"అంటే అచ్చు తప్పిందా!" ఆయన అటూ ఇటూ చూశారు. ఆ మాట ఎవరైనా బయటివారు విన్నారేమో అన్నట్టు. ఆయన దృష్టి కార్డుమీద పడింది. గట్టిగా చదివారు. "'పరీక్షింపబడినది, నిర్దోషము.' ఏమయ్యా, ఈ కార్డు నీదే కదా? మెషీన్ బాగానే ఉందా?"

రాత్రంతా తుమ్మిన ముక్కుతో, తడిసిన అభిమానంతో యంత్రవైద్యుడు నిలబడి ఉన్నాడు. మెషీన్ బాగాలేదనడమంటే తన సంతకం బాగాలేదనడమే.

"బాగానే ఉందండీ," అన్నాడు.

లోపల పట్టీ ఇంకా నిలబడనే లేదు. సుత్తి పడిపోయింది.

"విన్నావుగా. దోషం మెషీన్‌ది కాదు, కనుక నీది. రేపట్నుంచి జిగురు గదికి వెళ్ళు."

ఆమె ఏడవలేదు. బల్లమీది తన రుమాలు, నీళ్ళ సీసా, చిన్న దువ్వెన సంచిలో వేసుకుంది. ఆ దువ్వెనను రెండుసార్లు వేసింది. మొదటిసారి సంచి బయట పడింది. అది చూసినవాడు అతడొక్కడే.

మెట్లమీద వెనకనుంచి పరుగెత్తాడు. "ఒక్క నిమిషం ఆగండి!"

"ఎందుకు? ఇంకో కార్డు వేలాడదీస్తారా, నా మెడలో?"

"అది కాదండీ, నేను..."

"పంతొమ్మిదో నంబరు బస్సెక్కడం చేతకాని మనిషి! మీరా నా మెషీన్‌కి సర్టిఫికెట్ ఇచ్చేది!"

అతడు మెట్టుమీద ఆగిపోయాడు. "ఎంతన్నారు?"

"పంతొమ్మిది! పార్కు బస్సు! ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు!"

అతడు చొక్కా జేబులోనుంచి కాగితం ముక్క తీశాడు. మనిషిమీద అంత కోపమున్నవాడు ఆ ముక్కను మడత నలగకుండా గుండెల దగ్గర ఎందుకు దాచుకున్నాడని అడగవద్దు. దానిమీద చక్కగా, నల్లగా, పద్దెనిమిది అని ఉంది.

ఆమె చూసింది. కోపం ముఖంమీదే ఉండిపోయింది, దాని అర్థం మాత్రం జారిపోయింది. "నేను... నేను పంతొమ్మిదే నొక్కాను."

"నాకు తెలుసు," అన్నాడతడు. అతనికి అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. తొమ్మిదిది అన్నిటికంటే పెద్ద ప్రయాణం. ఆ చివరి స్థానం పట్టీ మొదటినుంచీ కాస్త బద్ధకస్తురాలు. అది ఎనిమిది దాటి తొమ్మిదికి ఎక్కుతుండగానే, పలచటి నూనె మీద పరుగెత్తిన సుత్తి వచ్చి కొట్టేసింది. లోపల చక్రాలు తొమ్మిదే పట్టుకున్నాయి. కాగితానికి ఎనిమిది దక్కింది. మొత్తం మాత్రం అందరూ మెల్లగా లాగుతారు గనుక అది నిజమే చెబుతూ వచ్చింది.

నూనె మార్చమన్నది మీరే కదా అని అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతడు ఈసారి ఆగాడు. లోపలి పట్టీ వచ్చి నిలబడేదాకా ఆగాడు. అప్పుడు పలికినది వేరే మాట.

"పైకి రండి. మీరు రేపు ఎక్కడికీ వెళ్ళడం లేదు. వెళ్తే నేను వెళ్తాను."

హాలులో అందరూ చుట్టూ మూగారు. అతడు కార్డు తెంపి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, దోషం నాది. గొట్టంలో పలచటి నూనె పోశాను. తెలిసే పోశాను. ఇందాక మెషీన్ బాగానే ఉందన్నది కూడా తప్పే." ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, తొమ్మిది నొక్కి, మీ పద్ధతిలో లాగండి."

ఆమె రివ్వున లాగింది. కాగితం మీద ఎనిమిది. గాజు కిటికీలో చక్రం మీద తొమ్మిది.

"కాగితమే సరైనది," అన్నారు సూపరింటెండెంటు గారు తడుముకోకుండా. "చక్రం పొరబడింది."

"సరేనండీ. ఇప్పుడు మొత్తం తియ్యమనండి."

ఆయన అలవాటుగా లేచి నిలబడ్డారు. ఆమె ఏ మీటా నొక్కకుండా ఒకసారి ఖాళీగా లాగింది. తరువాత మొత్తం మీట నొక్కి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు మెల్లగా లాగింది. కాగితం మీద తొమ్మిది.

ఎనిమిదీ అచ్చే. దానికిందే తొమ్మిదీ అచ్చే. సత్యం సత్యాన్ని కాదంటున్నది. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. చివరకు, మొత్తం ఇంకా చింపకముందే, కుర్చీలో కూలబడ్డారు. ఆ కార్యాలయ చరిత్రలో అటువంటి అపచారం ఎన్నడూ జరగలేదు.

"నూనె మార్చమన్నది నేనండీ," ఆమె ముందుకు వచ్చింది. "చేతకాదా అని రెచ్చగొట్టాను."

"లేదండీ, నాకే బుద్ధి లేక..."

"ఆయన వద్దన్నారు. నేనే..."

"ఆపండ్రా బాబూ!" అన్నది పెద్దమ్మ. "తప్పు కోసం ఇలా కొట్టుకునేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. అదేమన్నా బహుమతా, చెరి సగం పంచుకోడానికి?"

సూపరింటెండెంటు గారు చాలాసేపటికి తేరుకుని కఠినమైన శిక్ష విధించారు. నూనె మార్చిన నాటినుంచి అచ్చయిన కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచి కూడాలి. ఆమె మెషీన్ దగ్గర కూర్చోవాలి, అతడు పక్కన కూర్చుని కొలతలు చదవాలి. గొట్టంలో పాత నూనే ఉండాలి. ఒక్క కాగితం కలవకపోయినా జిగురు గదికి ఇద్దరూ వెళ్ళాలి. "మధ్యలో లేవడానికి వీల్లేదు. పక్కపక్కనే, కదలకుండా. అప్పుడు తెలుస్తుంది మీకు!" అన్నారాయన. ఆ శిక్షను విని అపరాధులిద్దరూ తల దించుకున్నారు. ముఖాలు కనబడకుండా ఉండటానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

శిక్ష మొదలైంది. అతడు చదివేవాడు, ఆమె నొక్కేది. చిక్కటి నూనె తన నడకే నడిచింది. ఒక్కొక్క లాగుడుకూ, సుత్తి పడేలోపు, ఇదివరకు ఎరగని ఒక ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో ఆమె మొదటిసారి కాగితం వంక చూడటం నేర్చుకుంది. కాగితం పక్కనున్న మనిషి వంక కూడా.

పెద్దమ్మ దగ్గర ఒక్కొక్క కాగితమూ కలిసిపోతూ వచ్చింది. చివరి కాగితం నాటి సాయంత్రం బయట సన్నగా వాన. హాలులో తక్కినవారు గొడుగులు వెదుక్కుంటున్నారు. అతడు ఆఖరి కొలత చదివి ఊరుకోక, గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొకటుందండీ. అది కాగితం మీద లేదు."

"చదవండి."

"మీరంటే నాకు ఇష్టం. మొదటిరోజు స్క్రూ పడిపోయినప్పట్నుంచీ. ఆ నూనె పోసింది స్పీడు కోసం కాదు, మీరు నవ్వుతారని. పెళ్ళి చేసుకుంటారా అని అడుగుదామని ఉంది. ఎర్ర మీట నొక్కి అనడం లేదు. లెక్కలో చేర్చుకోమనే అంటున్నాను."

ఆమె చెయ్యి చాచి, ఏ మీటా నొక్కకుండా, హ్యాండిల్‌ను ఒకసారి లాగింది. నూనె గొట్టం తీరికగా నిట్టూర్చింది. కాగితం ఒక వరుస ముందుకు జరిగింది, తెల్లగా.

"ఏమీ అనరేం?" అన్నాడతడు.

"మొత్తానికి ముందు ఖాళీ లాగుడు ఒకటుండాలి. మెకానిక్‌కి నేను చెప్పాలా? ఇంతవరకూ వచ్చినవన్నీ లోపల సర్దుకోవద్దూ?"

అతడు ఆగాడు. రేకులమీద వాన కూడా గొంతు తగ్గించినట్టు అనిపించింది అతనికి. అటువంటి సమయాలలో యువకులకు ప్రకృతి అంతా తమ పనిమీదే ఉన్నట్టు అనిపిస్తుంది.

"సర్దుకున్నాయి," అన్నదామె. "సరే. చేసుకుంటాను. పంతొమ్మిదో నంబరు బస్సు, ఇప్పుడే. అంకె నోటితో చెబుతున్నాను, మళ్ళీ క్వారీకి పోకండి. ఆ టీ మీరు బాకీ."

"ఏమే, మొత్తం వచ్చిందా?" పక్క బల్లనుంచి పెద్దమ్మ అడిగింది. ఆవిడ చాలాసేపటినుంచి తన మెషీన్‌కు మూత వేస్తూనే ఉంది.

"వచ్చింది పెద్దమ్మా."

"అయితే నేను సరిచూడాలి. నేను చూడందే ఈ హాల్లోంచి ఏదీ బయటికి పోదు. అబ్బాయ్, ఇలా రా. ఆ గొట్టంలో మళ్ళీ పలచటి నూనె పోస్తావా?"

"పొయ్యను పెద్దమ్మగారూ."

"ఇది నిట్టూర్చి అడిగినా?"

అతడు నోరు తెరిచాడు. మూశాడు. ఆమె వంక చూశాడు, మెషీన్ వంక చూశాడు. ఆడవారిద్దరూ ఓపిక పట్టారు.

"అడిగితే... ఆలోచించుకుని చెబుతానండీ."

"కలిసింది," అన్నది పెద్దమ్మ. లెక్క కలిసిన కాగితాల మీద తాను వేసే ముద్ర చేతిలోకి తీసుకుంది. దానిని ఎక్కడ వేయాలో తోచక ఇద్దరి నెత్తిమీదా చెయ్యి మాత్రం పెట్టింది. "చల్లగా ఉండండి. ఇక పదండి, బస్సు పోతుంది. గొడుగొకటే ఉంది, దెబ్బలాడుకోకుండా పట్టుకోండి."

హాలు చివర సూపరింటెండెంటు గారు కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి బయటకు చాచి, అరచేతిలో పడుతున్న చినుకులను సందేహంగా చూస్తున్నారు. కాగితం ఇంకా రాలేదు. అయినా ఆనాడు ఆయన, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, గొడుగు విప్పారు.

ఈ కథ విన్నవారికి, చదివినవారికి, చదివించి విన్నవారికి ఆ ఏకదంతుడు నిదానమిచ్చుగాక. వారి లోపలి లెక్కా, పైకి పలికే మాటా ఒక్కటే అగుగాక. నాలుక అనే సుత్తి దెబ్బ వేసేలోపు మనసు అనే పట్టీ వచ్చి నిలబడుగాక. వానలు వేళకు కురిసి, జంటలు చల్లగా ఉండి, ఇళ్ళన్నీ శుభంగా వర్ధిల్లుగాక.